నవ్వుల కోసం ఆగిన సినిమా: 1930 నాటి ‘రుకరీ నుక్’ అలా ఎందుకుంటుంది?

క్లుప్తంగా: 1930లో వచ్చిన బ్రిటిష్ హాస్యచిత్రం ‘రుకరీ నుక్’ లండన్‌లోని ఆల్డ్‌విచ్ థియేటర్‌లో 409 సార్లు ఆడిన ప్రహసనానికి తెర రూపం. కెమెరా కదలకపోవడం, నటులు మాటకూ మాటకూ మధ్య ఆగిపోవడం చూసి ఇది సినిమాయే కాదని కొట్టిపారేసేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ తీరుకు దర్శకుడి చేతకానితనం ఒక్కటే కారణం కాదు. 1927 నాటి ఒక చట్టం, తొలినాటి మైక్రోఫోన్, నాటకశాల దాకా రాలేని జనం, ప్రహసనం అనే ప్రక్రియ స్వభావం కలిసి ఆ చిత్రానికి ఆ రూపం ఇచ్చాయి.

పాత బ్రిటిష్ హాస్యచిత్రాలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడటానికి దొరుకుతున్నాయి. వాటిలో మొదటి టాకీలను తొలిసారి చూసేవారికి ఒక అనుమానం వస్తుంది. పాత్ర ఒక చమత్కారం విసురుతుంది. ఎదుటి పాత్ర వెంటనే జవాబు ఇవ్వదు. ఇద్దరూ ఒక క్షణం, రెండు క్షణాలు ఊరికే నిలబడతారు. గదిలో నిశ్శబ్దం. ఆ తర్వాత సంభాషణ మళ్లీ మొదలవుతుంది. ప్రింటు చెడిందేమో, మధ్యలో ముక్క పోయిందేమో అనిపిస్తుంది. నిజానికి ఏమీ పోలేదు. ఆ ఖాళీ నవ్వు కోసం విడిచిపెట్టిన చోటు. నవ్వాల్సిన వెయ్యిమంది ఆ గదిలో లేరు, అంతే.

నాటకాన్ని సినిమాగా మార్చినప్పుడు ఏం మిగులుతుంది, ఏం పోతుంది అన్న ప్రశ్నకు ‘రుకరీ నుక్’ మంచి ఉదాహరణ. గొప్ప చిత్రం కావడం వల్ల కాదు, అతుకులు పైకే కనిపించడం వల్ల.

కథ, దాని చిక్కుముడి

సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. అక్కడ ‘రుకరీ నుక్’ పేరుతో అద్దెకిచ్చే ఒక ఇల్లు. కొత్తగా పెళ్లయిన జెరాల్డ్ పాప్‌కిస్ ముందుగా అక్కడికి చేరుకుంటాడు. భార్య క్లారా వెనక రావాలి. ఆ రాత్రి పైజామా చొక్కాతో ఒక అమ్మాయి ఇంట్లోకి పరుగెత్తుకొస్తుంది. పేరు రోడా. కోపిష్ఠి జర్మన్ సవతి తండ్రి ఒక చిల్లర కారణానికి ఆమెను ఇంట్లోంచి తరిమేశాడు. రాత్రివేళ ఆడపిల్లను వీధిలోకి ఎలా పంపడం అని జెరాల్డ్ ఆమెకు చోటిస్తాడు. అక్కడితో అతని పని అయిపోతుంది.

ఎందుకంటే క్లారా అక్కాచెల్లెళ్లలో ఒకరైన గెర్ట్రూడ్ ఆ ఊళ్లోనే ఉంటుంది. పక్కింటి కిటికీలో ఏం జరుగుతోందో తెలియకపోతే నిద్రపట్టని మనిషి. ఆమె భర్త హెరాల్డ్ ట్వైన్ భార్య పేరు వింటేనే వణికిపోతాడు. పొద్దున్నే పనిమనిషి మిసెస్ లెవరెట్ వస్తుంది, చూడకూడనిది చూస్తుంది. జెరాల్డ్ దాయాది క్లైవ్ సాయానికి వచ్చి, చిక్కును ఇంకో చుట్టు బిగిస్తాడు. రోడాకు ఎక్కడినుంచో ఒక జత బట్టలు సంపాదించాలి. కథంతా ఈ ఒక్క అవసరం చుట్టూ తిరుగుతుంది.

ఇందులో జరగరానిది ఏదీ జరగదు. జరిగిందని అందరూ అనుకుంటారు. ప్రహసనం బలమంతా ఈ రెంటి మధ్య ఉన్న దూరంలోనే ఉంది. తెలుగులో ప్రహసనం అనగానే వీరేశలింగం గారి రచనలు గుర్తుకొస్తాయి. అవి దురాచారాలను ఎత్తిపొడవడానికి పుట్టినవి. ఆల్డ్‌విచ్ ప్రహసనాలకు అటువంటి ఉద్దేశం లేదు. మర్యాదస్తుడు పరువు కాపాడుకోవడానికి ఒక అబద్ధం ఆడతాడు, దాన్ని కాపాడటానికి పది ఆడతాడు. వాటికి కావలసిన ఇంధనం ఇంతే.

ఈ లక్షణం వల్ల ఒక వ్యాపార లాభం కూడా ఉండేది. బ్రిటన్‌లో అప్పట్లో ఏ కొత్త నాటకమైనా రాజప్రాసాదపు పెద్ద అధికారి అయిన లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం అనుమతి లేకుండా ఆడటానికి వీల్లేదు. 1968 దాకా ఆ ఏర్పాటు సాగింది. సినిమాలను 1912లో ఏర్పడిన సెన్సార్ బోర్డు చూసేది. పైజామా తొడుక్కున్న పరాయి అమ్మాయి కథ ఒక జల్లెడలో అప్పటికే దాటింది కాబట్టి, రెండో జల్లెడ విషయంలో నిర్మాతకు భయం తక్కువ.

ఆల్డ్‌విచ్ బృందం

రచయిత బెన్ ట్రావర్స్. మొదటి ప్రపంచయుద్ధంలో నౌకాదళ వైమానిక విభాగంలో పనిచేశాడు. ‘రుకరీ నుక్’ను 1923లో నవలగా రాసి, తర్వాత తానే నాటకం చేశాడు. 1926 జూన్ 30న ఆల్డ్‌విచ్‌లో మొదటి ప్రదర్శన. దానికి ముందు ఏడాది ఆయనదే ‘ఎ కుకూ ఇన్ ద నెస్ట్’ అక్కడ బాగా ఆడింది. తర్వాత ‘థార్క్’, ‘ప్లండర్’ వచ్చాయి. 1920ల నడిమి నుంచి 1933 దాకా ఆ థియేటర్ పేరే ఒక రకం హాస్యానికి మారుపేరైంది.

రచయిత ఎంత ముఖ్యమో నటబృందం అంతకన్నా ముఖ్యం. రాల్ఫ్ లిన్ ఒంటికంటి అద్దం పెట్టుకుని, పళ్లు బయటపెట్టి, మాటలో మాట తడబడే అమాయకపు పెద్దింటి కుర్రవాడి వేషం కట్టేవాడు. టామ్ వాల్స్‌ది నీతి కాస్త సడలిన, ధీమా గల మగవాడి పాత్ర. రాబర్ట్‌సన్ హేర్ బట్టతల, గంభీరమైన గొంతు, నిత్యం అవమానం పాలయ్యే తలరాత. లావుపాటి మేరీ బ్రఫ్ గయ్యాళి పనిమనుషులకు పెట్టింది పేరు. వినిఫ్రెడ్ షాటర్ కథానాయిక. ప్రేక్షకుడు టిక్కెట్టు కొనేటప్పటికే ఎవరు ఎవరిని ఏడిపిస్తారో అతనికి తెలుసు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు రాగానే జనం ముఖాలు విప్పారినట్టే ఇదీ. ఎదురుచూపులో సగం హాస్యం ఉంటుంది.

సినిమాలో ముఖ్యపాత్రలన్నీ దాదాపు వీళ్లే వేశారు. దర్శకత్వం కూడా టామ్ వాల్స్‌దే. ఆయన రంగస్థలం మీద ఆ బృందానికి యజమాని, దర్శకుడు. కెమెరా అంటే ఆయనకు పెద్ద మోజు లేదు. మోజు ఉన్నది గుర్రాల మీద: 1932లో ఎప్సమ్ డెర్బీ గెలిచిన ‘ఏప్రిల్ ద ఫిఫ్త్’ అనే గుర్రానికి యజమాని, శిక్షకుడు రెండూ ఆయనే. సినిమాలో ఆయన పెట్టిన లెక్క సూటిగా ఉంటుంది. నాలుగు వందల సార్లు నవ్వించిన దాన్ని ఎందుకు కదపాలి?

చట్టం సృష్టించిన గిరాకీ

ఆ లెక్క వాల్స్ ఒక్కడిది కాదు, పరిశ్రమ మొత్తానిది. 1920ల నడిమికి బ్రిటిష్ తెరల మీద బ్రిటిష్ సినిమాల వాటా సుమారు 5 శాతానికి పడిపోయింది. మిగతాదంతా దాదాపు హాలీవుడ్. దీన్ని ఆపడానికి 1927లో సినిమటోగ్రాఫ్ ఫిలిమ్స్ చట్టం తెచ్చారు. పంపిణీదారులు తాము విడుదల చేసే వాటిలో 7.5 శాతం, థియేటర్లు తాము ఆడించే వాటిలో 5 శాతం బ్రిటిష్ చిత్రాలు ఉండేలా చూడాలి. ఆ వాటా క్రమంగా పెరుగుతూ 20 శాతానికి చేరాలి. బ్రిటిష్ చిత్రం అనిపించుకోవాలంటే జీతభత్యాల్లో చాలా భాగం బ్రిటిష్ పౌరులకే వెళ్లాలి, కథారచయిత బ్రిటిష్ పౌరుడై ఉండాలి.

చట్టం గిరాకీని రాత్రికి రాత్రే పుట్టించగలదు. కథకులను, నటులను పుట్టించలేదు. లండన్ వెస్ట్ ఎండ్ నాటకశాలల్లో మాత్రం రెండూ సిద్ధంగా ఉన్నాయి. అక్కడి నాటకం బ్రిటిష్ రచయితది, నటులు బ్రిటిష్ వారు, జనానికి పేరు తెలుసు, నవ్వు వస్తుందని రుజువైంది. స్టూడియో ఉన్న ఎల్‌స్ట్రీ నుంచి వెస్ట్ ఎండ్‌కు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. పగలు షూటింగ్, రాత్రి నాటకం అనే బతుకు నటులకు సాధ్యమైంది. అమెరికాలో న్యూయార్క్ నాటకరంగానికీ లాస్ ఏంజెలిస్ స్టూడియోలకూ మధ్య ఒక ఖండం అడ్డముంది. బ్రిటిష్ సినిమా నాటకానికి ఇంత దగ్గరగా పెరగడానికి ఈ భూగోళం కూడా ఒక కారణం.

ఈ చట్టానికి భారతదేశంతో ఒక చిన్న ముడి ఉంది. అందులో ‘బ్రిటిష్’ అంటే సామ్రాజ్యమంతా అనే అర్థం. ఆ కాలంలోనే సామ్రాజ్యపు సినిమాలకు ఇక్కడ కూడా ప్రాధాన్యం ఇవ్వాలా అన్న ప్రశ్నను పరిశీలించడానికి మద్రాసుకు చెందిన దివాన్ బహదూర్ టి. రంగాచారియార్ అధ్యక్షతన భారత సినిమటోగ్రాఫ్ కమిటీ ఏర్పడింది. 1928లో వచ్చిన నివేదిక ఆ ప్రాధాన్యాన్ని సమర్థించలేదు, భారతీయ చిత్రాలకు ఊతం కావాలంది.

వాటాలు పెట్టిన ఈ కోటా చట్టం మీద రెండు అభిప్రాయాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. అమెరికన్ పంపిణీ సంస్థలు లెక్క చూపించుకోవడానికి అడుగుకు ఒక పౌను చొప్పున చవగ్గా చుట్టించిన చిత్రాలు బ్రిటిష్ సినిమా పేరు చెడగొట్టాయన్నది ఒకటి. ఆ చౌక పనిలోనే ఒక తరం సాంకేతికులు చేయి తిప్పుకున్నారన్నది మరొకటి. ‘రుకరీ నుక్’ ఆ చౌక బాపతు కాదు. హెర్బర్ట్ విల్‌కాక్స్ నడిపిన బ్రిటిష్ అండ్ డొమినియన్స్ సంస్థ దాన్ని పెద్ద చిత్రంగానే తీసి, బాగా లాభపడింది.

మైక్రోఫోన్ పెట్టిన షరతులు

చట్టం అమలైన ఏడాదే మాట్లాడే సినిమా లండన్ చేరింది. ‘ద జాజ్ సింగర్’ను అక్కడ 1928లో చూపించారు. 1929లో హిచ్‌కాక్ తీసిన ‘బ్లాక్‌మెయిల్’ బ్రిటిష్ టాకీలకు తలుపు తీసింది. అది కూడా నాటకం నుంచి వచ్చిందే. అందులో కథానాయిక ఆనీ ఓండ్రా ఉచ్చారణలో మధ్య ఐరోపా యాస బలంగా ఉండేది. గొంతును తర్వాత కలిపే పద్ధతి ఇంకా కుదురుకోలేదు. అందుకని ఆమె కెమెరా ముందు పెదవులు కదుపుతుంటే, పక్కన నిలబడి జోన్ బారీ అనే నటి మాటలు పలికింది. ఈ ఒక్క ఉదాహరణ చాలు, నాటకరంగపు గొంతుకు అప్పుడు ఎంత విలువ పెరిగిందో తెలియడానికి.

అప్పటి మైక్రోఫోన్ దగ్గరి ధ్వనినే సరిగ్గా పట్టేది. దాన్ని పూలకుండీ వెనకో, దీపం తెర మీదో దాచేవారు, నటులు దాని చుట్టూ గుమిగూడాలి. కెమెరా మోటారు చప్పుడు కూడా రికార్డయ్యేది కాబట్టి, కెమెరాను, దాన్ని తిప్పే మనిషిని కలిపి గాలి ఆడని ఒక పెట్టెగదిలో బంధించేవారు. మూకీల చివరి రోజుల్లో ఊయలలూగిన కెమెరా ఒక్కసారిగా కుంటిదైంది. ధ్వనిని కోసి అతికించడం కష్టం. అందువల్ల ఒకే సన్నివేశాన్ని రెండు మూడు కెమెరాలతో ఏకకాలంలో తీసి, ధ్వనిని ముట్టుకోకుండా బొమ్మలను మాత్రం మార్చుకునేవారు.

ఇటువంటి పరిస్థితిలో ఎవరు పనికొస్తారు? ఐదారు నిమిషాల సన్నివేశాన్ని తడబడకుండా, ఒకరి మాట మీద ఒకరు పడకుండా, స్పష్టంగా పలకగలవారు. అదే నాటకాన్ని నెలల తరబడి ఆడినవారికి వాక్యం నోట్లో కాదు, ఒంట్లోనే ఉంటుంది. ఆల్డ్‌విచ్ బృందం స్టూడియోకు ఒక వరం. ఎక్కువ టేకులు అక్కర్లేదు, ఫిలిం వృథా కాదు.

తెలుగు టాకీ కూడా ఇదే కారణంతో ఇదే గడప తొక్కింది. 1932 ఫిబ్రవరి 6న వచ్చిన ‘భక్త ప్రహ్లాద’ను హెచ్.ఎం. రెడ్డి తీసింది బొంబాయిలో అయినా, దాని నటీనటులు, ఒరవడి నాటకరంగానివి. సురభి కమలాబాయి లీలావతి అయింది. మైక్రోఫోన్‌కు భయపడని గొంతులు అప్పుడు నాటక సమాజాల్లోనే ఉన్నాయి, లండన్‌లో అయినా ఆంధ్రదేశంలో అయినా.

తలుపులన్నీ కనిపించాలి

‘రుకరీ నుక్’ను తప్పుపట్టేవారు ఎక్కువగా చెప్పేది కెమెరా దూరం గురించి. నాటకశాలలో నడిమి వరుసలో కూర్చున్న మనిషి కన్నులా అది ఇంటి హాలు మొత్తాన్ని చూస్తూ ఉంటుంది. ముఖాల దగ్గరికి అరుదుగా వెళుతుంది. మనుషులు మాట్లాడుతుంటే తీసిన ఫోటోలు అని హిచ్‌కాక్ ఈ రకం టాకీలను తర్వాత ఎద్దేవా చేశాడు. మైక్రోఫోన్ నిర్బంధం గురించి పైన చెప్పుకున్నాం. కానీ అది సగం కారణమే. ఆ దూరం ప్రహసనానికి అవసరం కూడా.

ప్రహసనం తలుపుల కళ. హాల్లో మెట్లు, గదుల తలుపులు, వీధి తలుపు ఉంటాయి. మెట్ల పైన రోడా ఉందని ప్రేక్షకుడికి తెలుసు. గెర్ట్రూడ్‌కు తెలియదు. గెర్ట్రూడ్ కింద నిలబడి కుశలం అడుగుతుంటే, జెరాల్డ్ కళ్లు మెట్ల వైపు పోకుండా పోరాడుతుంటాయి. ఇప్పుడు కెమెరా జెరాల్డ్ ముఖం దగ్గరికి వెళ్లిందనుకుందాం. కంగారు బాగా కనిపిస్తుంది. కానీ మెట్లు కనపడవు, ప్రమాదం ఎటునుంచి రాబోతోందో మన కంటికి తెలియదు. ముఖం, మెట్లు, శత్రువు మూడూ ఒకే చట్రంలో ఉన్నప్పుడే ఆ నవ్వు పుడుతుంది. ఆ మూడింటినీ విడదీసి, మళ్లీ కూర్పుతో కలిపితే ఉత్కంఠ పెరగవచ్చు, నవ్వు మాత్రం తగ్గుతుంది. తలుపు తెరుచుకోవడానికీ మరొకటి మూసుకోవడానికీ మధ్య ఉన్న ఒక్క క్షణపు తేడా నటుల కాళ్లదే, కూర్పరి కత్తెరది కాదు అన్న నమ్మకం ప్రేక్షకుడికి ఉండాలి. గారడీవాడు చేతులు తెర వెనక దాచుకుంటే గారడీ ఏముంది?

అలాగని ప్రతి దూరపు షాటునూ సమర్థించనక్కర్లేదు. తలుపులతో పని లేని సంభాషణల్లో కూడా కెమెరా అక్కడే కూర్చోవడం బద్ధకమే.

ఆగడం అనే విద్య

ఇక మొదట్లో చెప్పిన ఖాళీల సంగతి. హాస్యనటుడికి ప్రేక్షకుడు సహనటుడు. నవ్వు లేచినప్పుడు తర్వాతి మాట పలికితే అది మునిగిపోతుంది. నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగితే సన్నివేశం చల్లారిపోతుంది. నవ్వు శిఖరం దాటి దిగుతుండగా పలకాలి. దీన్ని ఎవరూ పుస్తకంలో నేర్పలేరు. రాల్ఫ్ లిన్ వంటివారు ఆ కెరటాన్ని చెవితో కొలిచి, రోజుకో తీరుగా సవరించుకునేవారు. శనివారం రాత్రి జనానికి, బుధవారం మధ్యాహ్నం జనానికి లెక్క వేరు.

స్టూడియోలో ఆ కెరటం లేదు. లైట్ల కింద నిలబడిన సిబ్బంది చప్పుడు చేయడానికి వీల్లేదు, మైక్రోఫోన్ వింటుంది. నటుడికి రెండే దారులు: ఖాళీ వదలకుండా పరుగెత్తడం, లేదా జ్ఞాపకంలో ఉన్న నవ్వుకు ఖాళీ వదలడం. వదలకపోతే, నిండిన సినిమాహాల్లో జనం నవ్వులో తర్వాతి నాలుగు మాటలు కొట్టుకుపోతాయి. వదిలితే, సగం ఖాళీ హాల్లో నటులు మాటలు మరిచిపోయినట్టు కనిపిస్తారు. ‘రుకరీ నుక్’ చాలాచోట్ల రెండో దారి పట్టింది. నిండు హాలును నమ్ముకుని తీసిన చిత్రం కాబట్టి అప్పటికి అది తప్పు లెక్క కాదు. ఇంట్లో ఒక్కరే కూర్చుని చూస్తారని 1930లో ఎవరు ఊహించారు?

పద్యనాటకంలో ‘వన్స్‌మోర్’ అనే కేక దీనికి దగ్గరి చుట్టం. రాగం నచ్చితే జనం కేకవేస్తారు, చచ్చిపడిన పాత్ర కూడా లేచి పద్యం మళ్లీ అందుకున్న సందర్భాల గురించి పాతవాళ్లు నవ్వుతూ చెప్పుకుంటారు. అదే నటుడు తెర మీదికి వెళ్లాక, కేక ఎంత గట్టిగా వేసినా రీలు ఆగదు. పద్యానికి పోయింది మరోసారి పాడించుకునే హక్కు మాత్రమే, పద్యం అక్కడే ఉంటుంది. హాస్యానికి జరిగిన నష్టం అంతకన్నా లోతైనది, ఎందుకంటే అక్కడ ప్రేక్షకుడి చప్పుడు మాటల మధ్య తాళంలా పనిచేస్తుంది.

హాలీవుడ్ ఈ చిక్కుకు వెతికిన మందుల్లో ఒకటి రంగస్థలం మీద ముందే పరీక్షించడం. మార్క్స్ సోదరులు 1935 నాటి ‘ఎ నైట్ ఎట్ ది ఓపెరా’కు ముందు, అందులోని హాస్యఘట్టాలను ఊరూరా వేదికల మీద ఆడి, నవ్వు ఎంతసేపు నిలుస్తుందో చూసుకుని, సినిమాలో మాటల మధ్య ఎడం దాన్నిబట్టి కుదుర్చుకున్నారు. తర్వాత టెలివిజన్ ఇంకో మందు కనిపెట్టింది: రికార్డు చేసిన నవ్వును కలిపేయడం. మన టీవీ హాస్య కార్యక్రమాల్లో ఇప్పుడు అది ఎంతగా పాతుకుపోయిందో వేరే చెప్పనక్కర్లేదు.

అదే కాలం, వేరే దారులు

నాటకాన్ని తెరకెక్కించడానికి ఇదొక్కటే పద్ధతి అని అప్పటివారు అనుకున్నారా? లేదు. రెండేళ్ల ముందే పూర్తిగా ఎదురు దిక్కున నడిచిన చిత్రం ఒకటుంది.

ఈడెన్ ఫిల్‌పాట్స్ రాసిన ‘ద ఫార్మర్స్ వైఫ్’ అనే గ్రామీణ హాస్యనాటకం 1924 నుంచి లండన్‌లో 1,300కు పైగా ప్రదర్శనలు ఆడింది. 1928లో హిచ్‌కాక్ దాన్ని మూకీగా తీశాడు. మాటల మీద బతికే నాటకాన్ని మాటలు లేకుండా తీయాలి. భార్య పోయిన రైతు శామ్యూల్ స్వీట్‌లాండ్ మళ్లీ పెళ్లి చేసుకోవాలనుకుంటాడు. ఇల్లు చూసుకునే మింటా చేత కాగితం మీద పెళ్లికూతుళ్ల జాబితా రాయిస్తాడు. పొయ్యి దగ్గర ఖాళీ కుర్చీ ఉంటుంది. జాబితాలో ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా ఆ స్త్రీ కుర్చీలో కూర్చున్నట్టు అతని ఊహలో కనిపిస్తుంది. ఎవరూ ఆ కుర్చీకి సరిపోరు. కాగితం, కలం పట్టుకున్న మింటా ఎదురుగానే ఉందని అతనికి మాత్రం చివరిదాకా తట్టదు. నాటకంలో సంభాషణ చేసే పనిని ఇక్కడ ఒక కుర్చీ చేసింది. అయినా సంభాషణను అక్షరాల్లో చూపే పలకలు తెర మీద ఎక్కువేనని హిచ్‌కాక్‌కు సొంత చిత్రం మీద పెద్ద గౌరవం లేదు. అది ఆయన అన్యాయంగా తీసిపారేసిన వాటిలో ఒకటి.

ఇంకో కొసన బెర్నార్డ్ షా ఉన్నాడు. తన నాటకంలో ఒక్క మాట మారినా ఒప్పుకోనన్నాడు. 1931లో ‘హౌ హీ లైడ్ టు హర్ హజ్బెండ్’ అలాగే తీశారు. ఒక గది, ముగ్గురు మనుషులు. ఎవరికీ నచ్చలేదు. ఆల్డ్‌విచ్ చిత్రాలు కూడా అంతే ‘కదలని’వి, కానీ జనం విరగబడి చూశారు. తేడా ఎక్కడుంది? షా హాస్యం వాదనలో ఉంటుంది, దానికి కెమెరా తోడు కావాలి. ట్రావర్స్ హాస్యం ఒళ్లు తడబడటంలో, తలుపు తీయడంలో ఉంటుంది, దానికి కెమెరా అడ్డు రాకుండా ఉంటే చాలు.

షా 1938 నాటికి మెత్తబడ్డాడు. గేబ్రియల్ పాస్కల్ నిర్మించిన ‘పిగ్మేలియన్’లో, నాటకంలో ప్రేక్షకులు చూడని రాయబార కార్యాలయపు విందును తెర మీద పెట్టడానికి సమ్మతించాడు. పూలమ్మే ఎలైజా దొరసానిగా నెగ్గిందా లేదా అన్నది నాటకంలో వినాల్సిన సంగతి, సినిమాలో చూసే సంగతి అయింది. ఆ స్క్రిప్టుకు ఆయనకు ఆస్కార్ వచ్చింది. ఆ ఎనిమిదేళ్లలో కెమెరా పెట్టెగదిలోంచి బయటికి వచ్చింది, ధ్వనిని విడిగా కలపడం అలవాటైంది. అందువల్ల ‘రుకరీ నుక్’ను ‘పిగ్మేలియన్’ పక్కన పెట్టి తక్కువ చేయడం న్యాయం కాదు.

ఎవరి కోసం తీశారు

409 ప్రదర్శనలు, ఒక్కోదానికి వెయ్యిమంది అనుకుందాం. మొత్తం నాలుగు లక్షల పైచిలుకు. అందులోనూ రెండోసారి వచ్చినవారుంటారు, ఎక్కువమంది లండన్, దాని చుట్టుపక్కలవారు. 1930ల నడిమికి బ్రిటన్‌లో వారానికి సుమారు 1.8 కోట్ల సినిమా టిక్కెట్లు తెగేవి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెడితే విల్‌కాక్స్ ఆలోచన అర్థమవుతుంది.

ఉత్తర ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు ఊళ్లో ఉన్నవారికి రాల్ఫ్ లిన్ పేరు పత్రికల్లో తెలుసు. నాటకం ఊళ్లోకి వచ్చినా, వచ్చేది రెండో వరుస బృందం. లిన్‌ను, వాల్స్‌ను, హేర్‌ను ఒకే వేదిక మీద చూడాలంటే రైలు టిక్కెట్టు, రాత్రి బస, ఆల్డ్‌విచ్ సీటు ధర పెట్టుకోవాలి. సినిమా ఆ ముగ్గురినీ కొన్ని పెన్నీలకు వీధి చివరకు తెచ్చింది. అటువంటి ప్రేక్షకుడు సినిమాలో ‘సినిమా’ కోసం వెతకడు. లండన్‌లో నవ్వినవాళ్లు దేనికి నవ్వారో అదే, ముక్క పోకుండా కావాలంటాడు. మార్పులు చేస్తే మోసపోయాననుకుంటాడు. విమర్శకులు లోపం అన్నదాన్ని అతను సరుకు నాణ్యత అనుకున్నాడు.

మరో సంగతి కూడా ఉంది. టాకీలతో అమెరికన్ ఉచ్చారణ ఒక్కసారిగా బ్రిటిష్ హాళ్లను ముంచెత్తింది. మూకీ ఏ దేశానిదైనా ఒకటే, మాట వచ్చేసరికి ఊరు, కులీనత, చదువు అన్నీ బయటపడతాయి. తమ మాట తీరును, తమ మర్యాదల మీది వెటకారాన్ని తెర మీద వినే అవకాశం బ్రిటిష్ ప్రేక్షకుడికి కొత్త. అమెరికాకు ఇదే చిత్రాన్ని ‘వన్ ఎంబరాసింగ్ నైట్’ అని పేరు మార్చి పంపాల్సి వచ్చింది. పేరే మారాల్సి వచ్చిందంటే లోపలి మాటల సంగతి ఊహించుకోవచ్చు.

తర్వాత

విజయం వెంటనే వరుస కట్టించింది. ‘ప్లండర్’, ‘థార్క్’, ‘ఎ కుకూ ఇన్ ద నెస్ట్’, ‘టర్కీ టైమ్’, ‘డర్టీ వర్క్’, ‘ఎ కప్ ఆఫ్ కైండ్‌నెస్’ ఐదేళ్లు తిరగకుండానే తెరకెక్కాయి. కొన్ని విల్‌కాక్స్ దగ్గర, తర్వాతివి గామాంట్ బ్రిటిష్ దగ్గర తయారయ్యాయి. నాటకాలు అయిపోయాక ట్రావర్స్ నేరుగా సినిమాకే కథలు రాశాడు. మధ్యతరగతి మర్యాద చుట్టూ తిరిగే ఇంటి హాస్యం బ్రిటిష్ తెర మీద, తర్వాత టెలివిజన్‌లో స్థిరపడిపోయింది. రాబర్ట్‌సన్ హేర్ వారసులను ఆ టెలివిజన్ ధారావాహికల్లో ఎక్కడ వెతికినా దొరుకుతారు.

దీనికి ఖరీదు కూడా ఉంది. వెస్ట్ ఎండ్‌లో నెగ్గినదే తెరకు తగినది అన్న అలవాటు నిర్మాతల్లో పాతుకుపోయి, సినిమాకోసమే పుట్టే హాస్యానికి చోటు తగ్గింది. ఉత్తర ఇంగ్లండ్‌లో పాట, హాస్యం కలిపి నడిపే మ్యూజిక్ హాళ్లలోంచి వచ్చిన గ్రేసీ ఫీల్డ్స్, జార్జ్ ఫార్మ్‌బీ తర్వాత కొన్నేళ్లలో జనాన్ని తమవైపు లాక్కున్నప్పుడు ఆ లోటు ఎంతటిదో తెలిసింది. వాళ్లు పెద్ద ఇళ్ల హాళ్లలోంచి కాకుండా మిల్లులోంచి, వీధిలోంచి పాడుతూ వచ్చారు.

నాటకం మాత్రం చావలేదు. 1976లో నేషనల్ థియేటర్ ‘ప్లండర్’ను మళ్లీ వేసింది. తొంభైకి చేరువైన ట్రావర్స్ ఆ పునరాగమనాన్ని కళ్లారా చూశాడు, 1980లో చనిపోయాడు. ‘రుకరీ నుక్’ను 2009లో లండన్ మెనియర్ చాకొలెట్ ఫ్యాక్టరీ థియేటర్‌లో ఆడారు. ఇటువంటి ప్రదర్శనల్లో నటులు మొదటి రాత్రి నుంచే ఎక్కడ ఆగాలో కొత్తగా నేర్చుకోవాలి, ఎందుకంటే ఒకప్పుడు నవ్విన చోట ఇప్పటి జనం నవ్వరు, అప్పుడు నవ్వని చోట నవ్వుతారు. సినిమాలో లిన్, వాల్స్ ఇంకా ఆల్డ్‌విచ్ ప్రేక్షకుల కొలతకే ఆగుతుంటారు. ఆ నాటకశాలలో నవ్వు ఎంతసేపు నిలిచేదో చెప్పే రికార్డు వేరే దొరకడం కష్టం. దాన్ని ఆ నిశ్శబ్దాల పొడవులో కొలుచుకోవచ్చు.